పిత్తాశయంలో రాళ్లు: ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా అమ్మగారికి 54 ఏళ్లు. విందుల్లో బిర్యానీ తిన్న రాత్రి పొట్టపైన కుడివైపు తీవ్రమైన నొప్పి వస్తోంది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నీళ్లు బాగా తాగితే పోతాయని బంధువులు అంటున్నారు. ఆ సంచి తీసేస్తే అరుగుదల దెబ్బతినదా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: నీళ్ల సలహా మూత్రపిండాల్లోని చిన్న రాళ్లకు పనికొస్తుంది గానీ, పిత్తాశయానికి మూత్రంతో సంబంధమే లేదు. కొవ్వు అరగడానికి తోడ్పడే పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని నిల్వచేసి చిక్కబరుస్తుంది. కొవ్వు పదార్థాలు చిన్నపేగులోకి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై, సంచిని ముడుచుకునేలా చేసి, రసాన్ని పేగులోకి పంపుతుంది. అప్పుడు రాయి దారికి అడ్డుపడితే నొప్పి పుడుతుంది. బిర్యానీ తిన్న రాత్రే బాధ మొదలవడానికి కారణం ఇదే. నొప్పి కుడి భుజం వైపు పాకడం వల్ల చాలామంది దీన్ని గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగుతుంటారు.

ఏ బాధా కలిగించని రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. మీ అమ్మగారికి నొప్పి తిరిగి తిరిగి వస్తోంది కనుక, సర్జన్‌ను సంప్రదించి లాపరోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాలు చేసి కెమెరా సాయంతో చేసే ఆపరేషన్) పద్ధతిలో పిత్తాశయాన్ని తీయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రాళ్లను మాత్రమే తీసి సంచిని వదిలేస్తే అవి మళ్లీ ఏర్పడే అవకాశం ఎక్కువ. సంచి లేకపోయినా పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి చేరుతుంది కాబట్టి అరుగుదల ఆగిపోదు. కొందరికి కొంతకాలం విరేచనాలు పలచగా అవుతాయి. ఈలోగా జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం, తగ్గని నొప్పి వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.