నీ కొలతలను పంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంధనం కోసం పెంచే స్విచ్‌గ్రాస్ గడ్డి, తీపి జొన్న మళ్లలో నేల నుంచి వెలువడే, వాతావరణాన్ని వేడెక్కించే వాయువులపై నువ్వు మూడేళ్లపాటు సేకరించిన కొలతలను ఇతర పరిశోధకులకు అందించదలచానని రాశావు. చాలా సంతోషించాను. ఎలా పంపాలని అడిగావు కానీ, పంపడం తేలికే. నిన్నెన్నడూ చూడని మనిషి నిన్ను ఒక్క మాటైనా అడగకుండా ఆ అంకెలను సరిగా వాడుకునేలా రాసిపెట్టడమే కష్టమైన పని.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదేళ్ల కిందటి నా ఫైలునే ఒకసారి తెరిచాను. ఒక నిలువు వరుస పైన ‘నైట్రస్ ఆక్సైడ్, హెక్టారుకు రోజుకు గ్రాములు’ అని మాత్రమే ఉంది. అది వాయువు బరువో, అందులోని నైట్రోజన్ బరువో ఎక్కడా రాసుకోలేదు. ఆ వాయువు 44 పాళ్లయితే అందులో నైట్రోజన్ 28 పాళ్లే కనుక, ఒకదాన్ని మరొకటిగా తీసుకుంటే లెక్క 1.57 రెట్లు తేడా వస్తుంది. రెండు రోజులు పాత నోటుపుస్తకాలు తిరగేసి, లెక్కలు మళ్లీ చేత్తో వేసుకున్నాకే నిజం తేలింది. రాసినవాడినే అంత తిప్పలు పెట్టిన ఫైలు పరాయివారికి ఏం ఉపయోగపడుతుంది? అందుకే ప్రతి వరుసకూ ప్రమాణాన్ని పూర్తి మాటల్లో రాయి.

వాయువుల బరువులను విడివిడిగానే ఇవ్వు. కార్బన్ డయాక్సైడ్‌తో సమానం చేసిన మొత్తాన్ని మాత్రమే ఇచ్చి ఊరుకోవద్దు. వందేళ్ల గడువుకు నైట్రస్ ఆక్సైడ్ గుణకం, అంటే అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా అది ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో చెప్పే అంకె, ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘమైన ఐపీసీసీ నాలుగో నివేదికలో 298, అయిదో దానిలో 265, ఆరో దానిలో 273. గుణకం మారినప్పుడల్లా లెక్క తిరగవేసుకోవాలంటే అసలు బరువులు చేతిలో ఉండాలి.

వాయువును పట్టడానికి నేలపై బిగించే ఛాంబర్ పెట్టె ఎత్తు, వైశాల్యం, మూత వేసిన సమయం, సిరంజితో నమూనా తీసిన నిమిషాలు, ఆ వేళ నేల ఉష్ణోగ్రత, తేమ అన్నీ చేర్చు. ఎరువు వేసిన తేదీ, మోతాదు, వాన పడిన రోజులు తప్పనిసరి. ఏడాది మొత్తంలో వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో పెద్ద వాటా ఎరువు తర్వాత తడి తగిలిన కొద్ది రోజుల్లోనే రావచ్చు కాబట్టి, నువ్వు ఆ రోజుల్లో మడిలో ఉన్నావో లేదో చదివేవారికి తెలియాలి. మీథేన్ వరుసలో రుణాంకాలు కనబడితే తుడిచేయకు. ఆరుతడి నేల మీథేన్‌ను పీల్చుకోవడం మామూలే. కొలత లేని చోట సున్నా వేయడం మాత్రం పెద్ద తప్పు, ఎందుకంటే సున్నా కూడా ఒక కొలతే.

నేలలోని కార్బన్ విషయంలో శాతం ఒక్కటే చాలదు. ఎంత లోతు వరకు తీశావో, ఆ పొర బల్క్ డెన్సిటీ (నిర్ణీత ఘనపరిమాణంలో ఉండే ఎండు మట్టి బరువు) ఎంతో లేకపోతే హెక్టారుకు ఎన్ని టన్నులో ఎవరూ చెప్పలేరు. దిగుబడిని ఎండు బరువులో ఇస్తూ, కోత ఎత్తును, పొలంలో వదిలిన చొప్పను రాయి. స్విచ్‌గ్రాస్ పూర్తి దిగుబడికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కనుక నాటిన సంవత్సరం మరవకు.

అమెరికా వ్యవసాయ పరిశోధన సేవ 2002లో మొదలుపెట్టిన, పొలాల వాయువులనూ నేల కార్బన్‌నూ కొలిచే గ్రేస్‌నెట్ అనే పరిశోధక బృందంలో వేర్వేరు చోట్ల పనిచేసేవారు ఒకే కొలత పద్ధతికి ముందుగానే ఒప్పుకున్నారు. తర్వాత అందరి అంకెలనూ ఒక్కచోట చేర్చడం సాధ్యమైందంటే ఆ ఒప్పందమే పునాది. నీ పద్ధతి వారి దానికి ఎక్కడ భిన్నమో ఒక పేరాలో చెప్పు.

రైతు పొలంలో కొలిచివుంటే ఆయన అనుమతి తీసుకో, పొలం ఆచూకీ కచ్చితంగా తెలియకుండా చూడు. ఫైలును ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టిక రూపమైన సీఎస్‌వీలో పెట్టి, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చే రిపాజిటరీలో (డేటా భద్రపరిచే ఆన్‌లైన్ భాండారంలో), వాడకం షరతులు స్పష్టంగా రాసి ఉంచు. ఎవరైనా ముందుగా వ్యాసం రాసేస్తారన్న భయం నాకు తెలుసు, అది తప్పూ కాదు. నీ వ్యాసం వచ్చేవరకు గడువు పెట్టుకో, కానీ ఆ తేదీని ఈరోజే రాసుకో.

బయటపెట్టే ముందు, నీ పొలం చూడని ఒక సహోద్యోగికి ఫైలు ఇచ్చి, ఒక్క మడిలో ఏడాదికి ఎంత వాయువు వెలువడిందో లెక్క కట్టమను. పక్కన కూర్చుని సాయం చేయకు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును ఫైలు వివరణలో చేర్చి, ఆ తర్వాత నాకొక ప్రతి పంపు.