కోవూరు, నెల్లూరు, గూడూరు

అబ్బయ్యా,

నీ కథ రెండుసార్లు చదివినా. బాగానే ఉండాది. కానీ అందులో తెలుగయ్యోర్ని జోకర్ని చేసి నవ్వించినావు చూడు, పైగా ఉత్తరంలో ఉపమేయం, గణాలు ఇవన్నీ మార్కుల కోసమే గదా సార్, కథలు రాసేవాళ్ళకెందుకు అన్నావు, అక్కడ మండింది నాకు. తిక్కన భారతంలో 15 పర్వాలు రాసింది మన వైపునే గదయ్యా.

నీ కథలో మంచి వాక్యం ఏందో తెలుసా? "మా నాయన మొహం నెర్రెలిచ్చిన చెరువులాగా ఉంది." మొహం ఉపమేయం, అంటే దేన్ని పోలుస్తామో అది; చెరువు ఉపమానం, దేంతో పోలుస్తామో అది; లాగా ఉపమావాచకం, పోలికని చెప్పే మాట. నాలుగోది సమానధర్మం, రెండింట్లోనూ ఉండే గుణం, అది నువ్వు చెప్పలా, అట్టా ఒకటి వదిలేస్తే లుప్తోపమ అంటారు, ఆ వదిలెయ్యడంలోనే ఉండాది దాని బలమంతా, ఎండిపోడమా, పగిలిపోడమా, వాన కోసం చూడ్డమా అని చదివేవోడు వెతుక్కుంటాడు. నువ్వేమో కిందనే "అంటే అంత ఎండిపోయినాడు" అని రాసి పూడ్చి పెట్టేసినావు. అయ్యోరు చెప్పింది చెవిన పడుంటే అక్కడ చెయ్యి ఆగేది.

నాకూ స్కూల్లో ఎక్కలేదులే. పద్యంలో అక్షరాల గుంపుల్ని గణాలంటారు గదా, అవి గుర్తుండేదానికని యమాతారాజభానసలగం అని బోర్డు మీద రాసి బెత్తం ఆడిస్తా ఉంటే భయం తప్ప ఏం తెలిసేది కాదు. ఎన్నేళ్ళకో కావలి బస్టాండులో కండక్టరు "కోవూరు, నెల్లూరు, గూడూరు" అని అరస్తా ఉంటే టక్కున తట్టింది, మూడిట్లోనూ గురువు, గురువు, లఘువు, అంటే పొడుగ్గా పలికేవి రెండు, పొట్టిది ఒకటి, మూడూ తగణమే! ఒంగోలూ అంతే. నేను నిలబడిన కావలి మాత్రం భగణం, ఒక గురువు, రెండు లఘువులు. లెక్కేసుకుంటా నిలబడితే బస్సు పోయింది.

ఇంకోటి, నా మొదటి కథలో "ఆకాశం పెన్నలో దిగి నీళ్ళు తాగతా ఉందేమో" అని రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు "పెన్న ఆకాశంలా ఉంది" అని మార్చి వేసినాడు. కడుపు రగిలిపోయిందే గానీ ఏం పోయిందో చెప్పే మాట నా దగ్గర లేదు. ఉత్ప్రేక్షని ఉపమ చేసేసినావయ్యా, నేను ఊహించింది నువ్వు ఉత్త పోలిక చేసినావు అని రాయాలని తెలిసొచ్చేసరికి ఆ పత్రికే మూతపడింది. ఇప్పుడోళ్ళు నయం, చదవకుండానే వేసేస్తారు.

పుస్తకం వెయ్యాలంటే ఎంతవుద్ది అన్నావు, అది తర్వాత. ముందు ఆ రెండో వాక్యం కొట్టేసి, అయ్యోరి సీను మళ్ళీ రాసి పంపు. మీ కనిగిరి ఏ గణమో కూడా కింద రాయి, మూడక్షరాల వాటిల్లో మాత్రం వెతకబాక.