కెర్నల్‌లో రెండు లైన్లు మార్చినా రీబూట్ చెయ్యాల్సిందేనా?

తమ్మీ, లినక్స్ కెర్నల్ షెడ్యూలర్‌లో, అంటే ఏ ప్రోగ్రామ్‌కి ప్రాసెసర్ ఎప్పుడు ఇవ్వాలో తేల్చే భాగంలో, చిన్న మార్పు చేసినా కంపైల్, ఇన్‌స్టాల్, రీబూట్ అంటూ సగం రోజు పోతోంది, వేరే దారి ఉందా అని కదా అడిగినవ్. ఉంది. ఆ కెర్నల్‌ని నీ ల్యాప్‌టాప్‌లో అసలు ఎక్కించకు, క్యూఎము (QEMU) అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్‌లో బూట్ చెయ్.

వర్చువల్ మెషీన్ అనగానే ఉబుంటు ఐఎస్ఓ దింపి, అందులో మొత్తం ఇన్‌స్టాల్ చేసి, దాని లోపల మళ్లీ కెర్నల్ కంపైల్ చెయ్యాలేమో అనుకుంటారు చాలామంది. ఆ లొల్లి ఏమీ అక్కర్లేదు. కంపైల్ అయ్యాక వచ్చే బీజెడ్‌ఇమేజ్ (bzImage) ఫైల్‌ని ‘మైనస్ కెర్నల్’ (-kernel) ఆప్షన్‌తో క్యూఎముకి నేరుగా ఇచ్చేయొచ్చు, మధ్యలో గ్రబ్ అనే బూట్‌లోడర్ ఉండదు. బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి కేవీఎం (వర్చువల్ మెషీన్‌ని నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడిపే లినక్స్ సౌకర్యం) వాడితే సెకన్లలో ప్రాంప్ట్ వస్తుంది. కేవీఎం లేకపోతే మాత్రం నత్తనడకే.

ఇంకా తేలిక కావాలంటే వర్ట్‌మీ-ఎన్‌జీ (virtme-ng) అనే టూల్ పెట్టుకో. కెర్నల్ సోర్స్ ఫోల్డర్‌లో నిలబడి ‘వీఎన్‌జీ’ (vng) అని కొడితే నీ ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లనే రూట్ ఫైల్‌సిస్టమ్‌గా చూపిస్తూ కొత్త కెర్నల్ లేస్తుంది. డిస్క్ ఇమేజ్ తయారు చేసే పనే లేదు. కెర్నల్ పానిక్ అయినా, అంటే కుప్పకూలినా, విండో మూసేసి ఇంకోసారి కొట్టడమే. హన్మకొండలో నా రూంలో రోజూ నడిచేది ఇదే.

నిజానికి నీ టైం తినేది రీబూట్ ఒక్కటే కాదు, కంపైల్ కూడా. ఉబుంటు లాంటి డిస్ట్రో ఇచ్చిన కాన్ఫిగ్‌తో (ఏ భాగాలు కంపైల్ కావాలో చెప్పే ఫైల్) కడితే నీ దగ్గర లేని హార్డ్‌వేర్ డ్రైవర్లన్నీ వేల లెక్కన కంపైల్ అవుతాయి. మే నెల మధ్యాహ్నం మా వరంగల్ ఎండలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతుంది, వేడికి ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, అంతలో కరెంటు పోతే బ్యాటరీ కూడా ఆగదు. అందుకే మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ (make localmodconfig) కొట్టు, ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ (విడిగా ఎక్కించే కెర్నల్ ముక్కలు) మాత్రమే మిగులుతాయి. ఒకసారి కంపైల్ చేసినవి దాచి మళ్లీ వాడే సీక్యాష్ (ccache) కూడా పెట్టుకో.

కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నీ ల్యాప్‌టాప్‌లో వర్టియో డ్రైవర్లు (వర్చువల్ మెషీన్ డిస్క్, నెట్‌వర్క్ లాంటివాటికి) లోడ్ అయి ఉండవు కాబట్టి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాటిని కూడా తీసేస్తుంది. అప్పుడు క్యూఎములో వర్టియో డిస్క్ కనపడక ‘అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ అని పానిక్ వస్తుంది, నువ్వేమో షెడ్యూలర్‌లో నీ రెండు లైన్లే చెడగొట్టాయని టెన్షన్ పడతావ్. అందుకే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వెంటనే ‘కేవీఎం గెస్ట్ డాట్ కాన్ఫిగ్’ (kvm_guest.config) అనే టార్గెట్‌ని కూడా మేక్ చెయ్, సరిపోతుంది. స్క్రీన్ మీద ఏమీ రాకుండా నల్లగా ఉందంటే కన్సోల్‌ని టీటీవైఎస్ సున్నాకి (ttyS0, సీరియల్ పోర్టు) మళ్లించడం మర్చిపోయినట్టు. నోగ్రాఫిక్‌లో (విండో లేకుండా టెర్మినల్‌లోనే) పెట్టి బయటికి రాలేకపోతే కంట్రోల్-ఏ కొట్టి ఎక్స్ నొక్కు.

జీడీబీ అనే డీబగ్గర్ తగిలించాలంటే క్యూఎముకి మైనస్ ఎస్ (-s) ఆప్షన్ ఇస్తే 1234 పోర్టులో దొరుకుతుంది, కెర్నల్ కమాండ్ లైన్‌లో నోకేఏఎస్ఎల్‌ఆర్ (nokaslr, ప్రతి బూట్‌కీ కెర్నల్ అడ్రసులు మారకుండా ఆపేది) పెట్టకపోతే బ్రేక్‌పాయింట్లు ఎక్కడా ఆగవు.

డ్రైవర్ పనైతే మాడ్యూల్‌గా కట్టి ఆర్ఎంమాడ్‌తో పాతది తీసేసి, ఇన్స్‌మాడ్‌తో కొత్తది ఎక్కించుకుంటే చాలు, షెడ్యూలర్‌కి ఆ వీలు లేదు. ఉత్త లాజిక్ ఉన్న ఫంక్షన్లకైతే కెర్నల్ 5.5 వెర్షన్ నుంచి కేయూనిట్ అనే టెస్టింగ్ సౌకర్యం ఉంది, అది యూజర్ మోడ్ లినక్స్ మీద మామూలు ప్రోగ్రామ్‌లా నడుస్తుంది.

లైవ్‌ప్యాచ్ వాడమని ఎవరైనా అంటే వినకు. 2015లో కెర్నల్ 4.0తో వచ్చిన ఆ సౌకర్యం నడుస్తున్న సర్వర్లను ఆపకుండా ఫంక్షన్లు మార్చడానికి, రోజుకో రకంగా కోడ్ మార్చే మనకు కాదు. నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా కొత్త కెర్నల్‌లోకి దూకే కెఎగ్జెక్ బయాస్ దశని దాటేస్తుంది కానీ నువ్వు తెరిచి పెట్టుకున్నవన్నీ ఎలాగూ పోతాయి, పైగా కొత్త కెర్నల్‌లో బగ్ ఉంటే దెబ్బ తినేది నీ అసలు ఫైల్‌సిస్టమే. నేనైతే కెఎగ్జెక్‌ని పాత సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లోనే వాడతా, నెట్‌కన్సోల్‌తో దాని కెర్నల్ మెసేజ్‌లు నెట్‌వర్క్ మీద నా ల్యాప్‌టాప్‌కి వస్తాయి.

షెడ్యూలర్ కాబట్టి ఇంకో మాట, లేటెన్సీ (ఆలస్యం) అంకెలు వర్చువల్ మెషీన్‌లో కొలిచి నమ్మకు, అవి మాత్రం అసలు మెషీన్‌లోనే తియ్యాలి. ముందు వీఎన్‌జీ నడిపి చూడు, ఎక్కడైనా ఆగితే నీ కాన్ఫిగ్, పానిక్ మెసేజ్ రెండూ ఇక్కడే పెట్టు, చూస్తా.