సందేహాలు – సమాధానాలు: ‘మా మధ్య’నా, ‘మన మధ్య’నా?

సందేహం: మాది బొబ్బిలి దగ్గర పల్లె. క్రిస్మస్ తర్వాత ఆదివారం సంఘమంతా కలిసి చదవడానికి ప్రార్థన కాగితం రాసేం. ‘మన మధ్య పుట్టిన ప్రభువా, నీ యొక్క సమాధానం మన ఇళ్లలో ఉంచు’ అని ఉంటే సంఘ పెద్దగారు ‘మన’ కొట్టేసి ‘మా’ అని దిద్దేరు. మా అమ్మాయేమో, దేవుడు మనిషై పుట్టేక కూడా ఆయన్ని వేరుపెట్టి ‘మా’ అనడమేటి అంటోంది. ఎవరిది రైటు?

సమాధానం: పెద్దగారు దిద్దినదే రైటు. కానీ మీ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు, ఎవరో ఒకరు ఇది అడుగుతారని నేను చాన్నాళ్లుగా చూస్తున్నాను.

వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము, ఇది తెలిసిందే. మా శ్రీకాకుళంలో చుట్టం గుమ్మం దగ్గర నిలబడి ‘మాం ఎల్తాం’ అంటే సాగనంపుతాం, ‘మనం ఎల్దాం’ అంటే చెప్పులేసుకుంటాం, అంత తేడా ఉంది. తమిళంలో మేముకి నాంగళ్, మనంకి నాం అని ఇప్పటికీ ఉంది, కన్నడం వాళ్లకి ‘నావు’ ఒక్కటే మిగిలింది. సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు, వీటిలో ఈ తేడా లేనే లేదు, బైబిల్ గ్రీకులోనూ లేదు. 1805లో లండన్ మిషన్ తరఫున విశాఖపట్నంలో దిగిన క్రాన్, దిగ్రాంజ్ దొరలు ఆనందరాయర్ అనే పండితుణ్ణి పక్కన పెట్టుకుని సువార్తలు తెలుగు చేస్తుంటే, మూలంలో ఒక్క మాటే ఉన్న ప్రతిచోటా ఆగి ఇది మేమా మనమా అని తేల్చుకోవలసిందే కదా.

మార్కు నాలుగో అధ్యాయం తియ్యండి. తుఫాను, దోనెలోకి నీళ్లు, యేసు అమరంలో, అంటే దోనె వెనక కొసన, తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపి ఏమన్నారు? ఇప్పుడు మనం చదివే తెలుగులో ‘మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా’ అని ఉంది. దోనె ఒక్కటే, మునిగితే అందరూ మునుగుతారు, మరి ‘మనము’ అనాలి కదా! కళింగపట్నం ఒడ్డున వేటకెళ్లేవాళ్లనడగండి, తెప్ప తిరగబడుతుంటే పక్కవాడితో ‘మాం పోతన్నాం’ అంటాడా, ‘మనం పోతన్నాం’ అంటాడా? అయినా అనువాదం చేసినవాళ్లు పొరపడలేదనే నా నమ్మకం. ‘నీకు చింతలేదా’ అన్న నిష్ఠూరం వెనకాలే ఉంది చూడండి. మా పాట్లు మేం పడుతుంటే నువ్వు పడుకున్నావా అన్న కోపం అంతా ఆ ‘మేము’లోనే ఉంది, ‘మనము’ అని పెడితే కోపం పోయి ఉత్త సమాచారం మిగుల్తుంది.

మరి ప్రార్థనలో ‘మా’ కూడా దేవుణ్ణి దూరం పెట్టడమేనా? కాదు. అన్నం తినని పిల్లాణ్ణి మామ్మ ఎలా బతిమాల్తుంది, ‘మా నాయనే, మా తండ్రే, ఇంకొక్క ముద్ద’ అంటుంది. వాడి మొహం మీదే అంటుంది, ‘మన నాయనే’ అనదు. అక్కడ ‘మా’ అంటే నువ్వు మావాడివి అని గట్టిగా పట్టుకోవడం. పోతన అమ్మలగన్నయమ్మ పద్యంలో ఆ ముగ్గురమ్మల మూలపుటమ్మనీ అంత పెద్దమ్మనీ పిలిచి పిలిచి, చివరికి ‘దుర్గ, మాయమ్మ’ అన్నాడు. ఆ ఒక్క ‘మా’తో అంత పెద్ద దేవత ఆయన ఇంట్లో అమ్మ అయిపోయింది, ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్నదీ ఆ ‘మా’యే, తమిళం వాళ్లూ అక్కడ ‘ఎంగళ్’ (మా) అనే అంటారు, ‘నమ్’ (మన) అనరు.

ఇప్పటి పిల్లలు ‘మేము సినిమాకి వెళ్దామా’ అంటారు, ఇంటికొచ్చిన చుట్టంతో ‘మన ఇంట్లో ఇలా వండుకోం’ అంటారు, ఎంత బాధేస్తుందో. అంత ఒడుపున్న మాటల్ని ఇంగ్లీషు బళ్లో పోగొట్టుకుంటే ఎలాగర్రా? నాయకులు ‘మేము’ అని తనొక్కణ్ణే చెప్పుకోవడం, కుర్రాళ్లు ‘మనకి తెలీదు’ అని ‘నాకు’ బదులు అనడం, ఆ వాడుకలు వేరే, వాటితో ఇక్కడ పని లేదు.

కాబట్టి దేవుడితో మాట్లాడేటప్పుడు ‘మా’. జనం వైపు తిరిగి వాక్యం చెప్పేటప్పుడు ‘మన’. యోహాను మొదటి అధ్యాయంలో ‘మనమధ్య నివసించెను’ అన్నా, ఇమ్మానుయేలు అంటే ‘దేవుడు మనకు తోడు’ అన్నా, అది మనుషులతో చెప్పిన మాట.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. హెబ్రీ పత్రిక రెండో అధ్యాయంలో యేసు తనవాళ్లని సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదని ఉంది, అన్నదమ్ముడైతే ‘మనం’లో చేరినట్టే. కానీ అదే యేసు సమాధిలోంచి లేచేక మగ్దలేనే మరియతో ‘నా తండ్రియు మీ తండ్రియు’ అన్నాడు, ‘మన తండ్రి’ అన్లేదు. రెంటిలో ఏది పట్టుకోవాలో వ్యాకరణం చెప్పలేదు, ఆ పిల్లని ఏ భజన కీర్తనలోనో ‘మనవాడు’ అని పాడుకోనివ్వండి, నేను తప్పు పట్టను.

ఆ ‘యొక్క’ మాత్రం తీసెయ్యండి. నీ యొక్క కృప, మా యొక్క పాపములు అంటూ ప్రార్థన అంతా రాళ్లు పోస్తున్నారు. సమాధానం ఉంచండి, శాంతికి మీ సంఘాల్లో పాతుకుపోయిన మంచి మాట అది. ‘మా మధ్య పుట్టిన ప్రభువా, నీ సమాధానం మా ఇళ్లలో ఉంచు’ అని అచ్చు వేయించండి.