ఏడాది పోయిందని ఎకరం అమ్మకండి

ప్రశ్న: మాది కోనసీమలో అల్లవరం మండలం. నాలుగు ఎకరాల కొబ్బరి తోట, అందులో కోకో అంతరపంట. మా అబ్బాయి ప్రైవేటు వైద్య కళాశాలలో బీ కేటగిరీ (యాజమాన్య కోటా) సీటులో ఎంబీబీఎస్ రెండో ఏడాది. ఫీజు ఏటా 13 లక్షలు. మూడు నెలల కిందట సెలవులకు ఇంటికి వచ్చి కాలువ గట్టు మీద బైకుపై వెళ్తుంటే చేపల లోడు వ్యాను ఢీకొట్టింది. తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. హాజరు చాలదు, ఈ ఏడాది మళ్లీ చదవాల్సిందే అన్నారు. విద్యా రుణం 30 లక్షలు మంజూరైతే ఇప్పటికి 15 లక్షలు తీసుకున్నాం, వడ్డీ 10 శాతం. ఆసుపత్రి ఖర్చుకు 4 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఎకరం అమ్మేసి అన్నీ తీర్చుకోమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మీ మేలు కోరే చెబుతున్నారు కానీ, అవసరంలో ఉన్నవాడి భూమికి ఊళ్లో ఎంత ధర పలుకుతుందో ఆయనకూ తెలుసు. ఎకరం సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఏడాది వెనకబడితే అయ్యే ఖర్చును మీరు భయంతో ఎక్కువగా ఊహించుకుంటున్నారు. ఎంతవుతుందో చూద్దాం.

తీసుకున్న 15 లక్షల మీద ఒక ఏడాది అదనపు వడ్డీ లక్షన్నర. హాస్టలు, భోజనం, పుస్తకాలకు రెండు లక్షలు వేసుకోండి. మొత్తం మూడున్నర లక్షలు. కొత్త బ్యాచ్ తరగతులు మొదలయ్యేదాకా అబ్బాయి ఇంట్లోనే ఉండి కోలుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. ఈ లెక్కను తలకిందులు చేయగలిగింది ఒక్కటే, కట్టిన ఏడాదికే కళాశాల మళ్లీ 13 లక్షలు అడగడం. అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. అడగకముందే అమ్మకానికి సిద్ధపడుతున్నారు.

కాబట్టి ముందు ప్రిన్సిపాల్ పేరిట ఒక దరఖాస్తు రాసి, డిశ్చార్జి సమ్మరీ నకలు జతచేసి, తిరిగి చదివే ఏడాదికి ఏ ఫీజు, ఏ నిబంధన కింద కట్టాలో రాతపూర్వకంగా చెప్పమనండి. అందినట్లు ముద్ర వేయించుకోండి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పే అంకె అంకె కాదు. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య కళాశాలల ఫీజులను ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫార్సుతో ప్రభుత్వం ఖరారు చేస్తుంది. అంతకు మించి వసూలు చేయడాన్ని 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఒప్పుకోదు. రసీదు ఇవ్వని సొమ్ము ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. హాజరు సర్దుబాటు చేయిస్తామని ఎవరైనా ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపేయండి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలన్నది జాతీయ వైద్య కమిషన్ నిబంధన. కోర్సు పూర్తి చేయడానికి చేరిన రోజు నుంచి 9 ఏళ్ల గడువు ఉంది. ఒక ఏడాది పోయినంత మాత్రాన సీటుకు ముప్పు లేదు.

ఇక బ్యాంకు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే దెబ్బతింటారు. చెప్పకపోతే బ్యాంకు పాత తేదీల ప్రకారమే పోతుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ (ఆసుపత్రిలో శిక్షణ), ఆపైన కిస్తీలు మొదలయ్యేలోపు ఏడాది వెసులుబాటు కలిపి ఆరున్నరేళ్లు. ఏడాది పోయింది కనుక మీ అబ్బాయి హౌస్ సర్జన్సీ ముగిసేదీ అప్పుడే. అంటే ఉద్యోగం వెతుక్కునే వ్యవధి కూడా లేకుండా కిస్తీలు మొదలవుతాయి. ఒక్క కిస్తీ తప్పినా సహ రుణగ్రహీతగా మీ సిబిల్ స్కోరూ (అప్పు తీర్చే తీరును బట్టి ఇచ్చే మార్కు) పడిపోతుంది, రేపు మీ పంట రుణానికీ అది అడ్డమే. బ్యాంకులు అనుసరించే నమూనా విద్యా రుణ పథకంలో, చదువు అనుకున్న సమయానికి పూర్తికాకపోతే రెండేళ్ల వరకు గడువు పొడిగించే వీలుంది. కళాశాల లేఖ, ఆసుపత్రి కాగితాలు తీసుకుని మీరిద్దరూ శాఖకు వెళ్లి ఇప్పుడే దరఖాస్తు చేయండి. సంతకం చేసిన వాళ్లలో అబ్బాయీ ఒకడు, అతనికీ లెక్క తెలియాలి.

చదువు సాగినన్నాళ్లు వేసేది సాధారణ వడ్డీ. దాన్ని అలాగే వదిలేస్తే కిస్తీలు మొదలయ్యేనాటికి అసలులో కలుస్తుంది. మీ రుణానికి నెలకు 12,500 రూపాయలు. కొబ్బరి దింపు రెండు నెలలకోసారి తీస్తారనుకుంటే, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ సొమ్ము చేతికొచ్చిన రోజే 25,000 బ్యాంకులో జమచేయండి. ఇలా వడ్డీ ఎప్పటికప్పుడు కడితే చాలా బ్యాంకులు రేటులో 1 శాతం తగ్గిస్తాయి. మీ శాఖలో ఆ సదుపాయం ఉందేమో అడగండి. విద్యా రుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరో చెప్పే ఉంటారు. మీ ఆదాయం వ్యవసాయం మీదే అయితే దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

నన్నడిగితే ముందు తీర్చాల్సింది విద్యా రుణం కాదు, ఆ రెండు రూపాయల వడ్డీ. 4 లక్షలకు ఏడాదికి 96,000. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి 10 శాతం లోపు తెచ్చుకుంటే వడ్డీ 40,000 దాటదు. ఆడవాళ్ల నగలు బ్యాంకులో పెట్టడం నామోషీ అనిపిస్తే, 56,000 ఊరికే పోవడం ఇంకా నామోషీ.

మీరు ఒక్క ముక్క కూడా రాయని సంగతి ఒకటుంది. ఢీకొట్టింది వేరే వాహనం. దాని మూడో పక్ష బీమా (ఆ వాహనం వల్ల దెబ్బతిన్న ఇతరులకు చెల్లించే బీమా) నుంచి మీ అబ్బాయికి పరిహారం రావాలి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడాలి. సగం గడువు అయిపోయింది. మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు, దూరం తిరగక్కర్లేదు. ఆసుపత్రి బిల్లులే కాదు, పోయిన విద్యా సంవత్సరం, తోడున్న మనిషి ఖర్చు, రేపు రాడ్డు తీయించే ఆపరేషను, అన్నీ అడగండి. 2010లో సుప్రీంకోర్టు ప్రమాదంలో 70 శాతం వైకల్యం పొందిన ఇంజినీరింగ్ విద్యార్థి విషయంలో, చదువు పూర్తయితే అతను ఎంత సంపాదించేవాడో కూడా లెక్కగట్టింది. ఎఫ్‌ఐఆర్, గాయాల ధ్రువపత్రం, బిల్లుల అసలు ప్రతులు ఒక సంచిలో భద్రపరచండి. ఫిజియోథెరపీకి అమలాపురం వెళ్లొచ్చే ఆటో కిరాయిని కూడా తేదీ వేసి రాయండి. వ్యాను యజమాని పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజీకి వస్తే, లాయరును అడగకుండా సంతకం పెట్టవద్దు. అబ్బాయికి లైసెన్సు ఉందో లేదో, హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో లాయరుకు దాచవద్దు. అయితే ఈ సొమ్ము ఎప్పుడొస్తుందో చెప్పలేం కనుక పై లెక్కల్లో దీన్ని కలపలేదు.

కళాశాల పూర్తి ఫీజు కట్టాల్సిందేనని నిబంధన చూపించి మరీ రాసిస్తే అప్పుడు మళ్లీ కూర్చుందాం. అప్పుడైనా వరుస ఇది: మంజూరై ఇంకా తీసుకోని 15 లక్షల్లోంచి ఆ ఏడాది ఫీజు ఇప్పించమని, చివరి ఏడాదికి పరిమితి పెంచమని బ్యాంకును అడగడం. కాదంటే ఒకటి రెండు ఎకరాలు రెండు మూడేళ్లకు కౌలుకిచ్చి ముందుగా సొమ్ము తీసుకోవడం. అదీ చాలకపోతేనే అమ్మకం. తోట అమలాపురం పురపాలక సంఘం హద్దుకు 2 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి, వేరే పట్టణానికి దగ్గర కాకపోతే, ఆ అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. ఆ లోపల ఉంటే ఉంటుంది. బయానా తీసుకోకముందే ఆడిటరును కలవండి.