వాచ్‌లో బీపీ 118, మిషన్‌లో 152... ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది పలాస. అమ్మకు 64 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటోంది. నేను కొనిచ్చిన స్మార్ట్‌వాచ్ ఈ నెలలో మూడుసార్లు ‘గుండె లయ సక్రమంగా లేదు’ అని చూపింది. వాచ్‌లో బీపీ 118/76 వస్తే, ఇంట్లో మిషన్‌లో 152/90 వచ్చింది. ఏది నమ్మాలి?

డాక్టర్ సలహా: బీపీకి మిషన్‌నే నమ్మండి. లయ విషయంలో మాత్రం వాచ్ హెచ్చరికను కొట్టిపారేయకండి.

వాచ్ అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగి తగ్గే తీరును గమనిస్తుంది. దాన్నిబట్టి నాడి లెక్క తెలుస్తుంది కానీ బీపీ తెలియదు. గాలి పట్టీ లేకుండా చూపే బీపీ అంచనా మాత్రమే. 118 చూసి మాత్ర ఆపితే చాలా ప్రమాదం.

అలాగని 152 కూడా ఒక్కసారికే ఖాయం కాదు. పట్టీ చిన్నదైనా, చెయ్యి కిందికి వేలాడినా, కొలిచేటప్పుడు మాట్లాడినా అంకె పెరుగుతుంది. మామూలు పట్టీలు ఎక్కువగా 22–32 సెం.మీ. చుట్టుకొలత దండచేతికే సరిపోతాయి, టేపుతో కొలిచి చూడండి. ఉదయం మాత్రకు ముందు, మూత్రానికి వెళ్లొచ్చాక, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. టీ గానీ చుట్ట గానీ అరగంట ముందునుంచే వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు, సాయంత్రం మళ్లీ రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 దాటితే మందు మార్చాల్సి రావచ్చు. లయ తప్పినప్పుడు మిషన్ అంకెలూ చెదురుతాయి, అప్పుడు మూడుసార్లు కొలవండి.

ఇక హెచ్చరిక. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదులు లయ తప్పి అదిరే జబ్బు) కావచ్చు, ప్రమాదం లేని అదనపు స్పందనలూ కావచ్చు. మళ్లీ వచ్చినప్పుడు మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లుంచి నిండా 60 సెకన్లు నాడి లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లయ తప్పినవాళ్లలో లెక్క తప్పుతుంది. వాచ్‌లో ఈసీజీ ఉంటే చేతులు తడి లేకుండా తుడుచుకుని, బల్లమీద కదలకుండా ఉంచి 30 సెకన్లు తీసి ఫోన్‌లో దాచండి. హెచ్చరిక రాకపోయినా ఈ వారమే ఆసుపత్రిలో 12 లీడ్ల ఈసీజీ తీయించండి. ఈ జబ్బు వచ్చిపోతుంటుంది కాబట్టి ఆ రోజు ఈసీజీ బాగున్నా వదలొద్దు. ఒంటికి చిన్న యంత్రం తగిలించి రోజంతా గుండె లయను నమోదు చేసే 24 గంటల హోల్టర్ పరీక్ష గురించి అడగండి.

గుండెపోటును, పక్షవాతాన్ని మాత్రం ఏ వాచీ పట్టుకోలేదు. ఛాతీలో బరువు, ఆయాసం, చల్లటి చెమటలు, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే వాచ్ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఖాయమైతే గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అందుకే రక్తం పలచబరిచే మందు అవసరమా అన్నది చూస్తారు. ఆ మందుల్లో కొన్నిటి మోతాదు కిడ్నీ పనితీరును బట్టే ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉన్న మీకు దాని సంగతి చెప్పక్కర్లేదు. ఈసీజీతో పాటే కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షా చేయించండి. అమ్మగారు మోకాళ్ల నొప్పులకు షాపులో కొన్న మాత్రలు వాడుతుంటే ఆ స్ట్రిప్పు కూడా డాక్టరుకు చూపించండి. అలాంటి మాత్రల్లో చాలావాటికి బీపీ పెరగొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు, పలచబరిచే మందుతో కలిస్తే రక్తస్రావం కావచ్చు.