ఆ నాలుగో నోటు సంతకు పట్టుకెళ్లొద్దమ్మా

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర లంక ఊరు. పోయిన నెల చక్కెరకేళి గెలలు అమ్మితే కొన్నాయన 22,000 రూపాయలు నగదు చేతిలో పెట్టాడు. అందులోంచి డ్వాక్రా వాయిదా కడదామని బ్యాంకుకు వెళ్తే మూడు 500 నోట్లు దొంగవని ముద్ర కొట్టి ఉంచేసుకున్నారు. ఓ రసీదు రాసిచ్చారు. నా 1,500 పోయినట్టేనా? ఇంటికొచ్చి మిగతావి చూస్తే అలాంటిదే ఇంకోటి ఉంది. చీకటి పడ్డాక సంతలో మార్చెయ్యమని మా మరిది, హుండీలో వేసెయ్యమని తోడికోడలు అంటున్నారు. చించి పారేయనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. ఆ 1,500 బ్యాంకు ఇవ్వదు. దొంగనోటుకు జమ వేయకూడదు, నోటు తిరిగి చేతికివ్వకూడదు అని రిజర్వు బ్యాంకు నిబంధన. తిరిగిచ్చేస్తే ఆ బ్యాంకే దొంగనోట్ల చెలామణీకి సాయపడినట్టు లెక్క, జరిమానా పడుతుంది. కౌంటర్లో ఉన్నవాళ్లు మీ మీద కోపంతో చేసింది కాదు. 31 ఏళ్లు నేనూ కోనసీమ బ్రాంచీల్లో ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఆ ముద్ర కొట్టినప్పుడల్లా ఎదుటి మనిషి మొహం చూడలేకపోయేవాణ్ణి.

అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి దింపు తీసే ఒకాయన వచ్చేవాడు. ఓసారి కూతురి పురిటికని దాచిన డబ్బు తెస్తే అందులో రెండు నోట్లు తేడా. నేను ముద్ర అందుకోగానే నోట్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. చెట్లెక్కి ఎక్కి చర్మం బండబారిన చెయ్యి. "వారం రోజుల చెట్లు బాబూ ఇయ్యి" అన్నాడు. ఆ నోట్లను అంతకుముందు ఎవరో తెలిసి తెలిసీ చీకట్లో వదిలించుకుని ఉంటారు. పెద్ద షావుకారు దగ్గర లెక్కపెట్టే మిషను ఉంటుంది, అక్కడ మీ నోటు చెల్లదు. చెల్లేది చూపు ఆనని కూరలమ్మి దగ్గరో, ఇలాంటి కూలీ దగ్గరో. అందుకే మీ మరిది మాట వినొద్దంటున్నాను.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. తెలియక తీసుకోవడం నేరం కాదు. తెలిసి మార్చడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షను కింద నేరం. పదేళ్ల జైలు, యావజ్జీవం దాకా కూడా పడొచ్చు. మార్చాలనే ఉద్దేశంతో దాచుకున్నా 180వ సెక్షను కింద ఏడేళ్ల దాకా ఉంది. హుండీలో వేస్తే ఆ డబ్బు లెక్కపెట్టి తెచ్చేదీ బ్యాంకుకే, నష్టం గుడికి. చించితే నోటు ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకునే ఆధారం పోతుంది.

రేపే ఆ నోటు విడిగా కవరులో పెట్టి అదే బ్రాంచికి తీసుకెళ్లండి. "మొన్నటి డబ్బులోదే, ఇదీ అనుమానంగా ఉంది" అని నేరుగా చెప్పండి. దానికీ రసీదు అడగండి. రసీదు ఇవ్వడం వాళ్ల బాధ్యత, మీరు సంతకం పెట్టకపోయినా ఇవ్వాలి. పోలీసులంటే భయం వద్దు. ఒక్కసారి కట్టే డబ్బులో నాలుగు దాకా దొరికితే బ్యాంకు నెలకోసారి అన్నీ కలిపి పోలీసులకు నివేదిక పంపుతుంది. అయిదు, ఆపైన దొరికితే వెంటనే ఎఫ్ఐఆర్ పెట్టిస్తుంది. ఎవరైనా అడిగితే గెలలు అమ్మిన తేదీ, కొన్నాయన పేరు ఉన్నదున్నట్టు చెప్పండి. తూకం చీటీ ఉంటే జాగ్రత్త చేయండి.

తర్వాత రసీదు పట్టుకుని ఆ వ్యాపారి దగ్గరికి వెళ్లండి. నోటు పట్టుకుని కాదు. మా దింపు ఆయన అలాగే వెళ్లాడు. నలుగురి ముందు రసీదు చూపిస్తే కొట్టాయన మాట్లాడకుండా డబ్బిచ్చాడట. మీ వ్యాపారి ఇస్తాడని హామీ ఇవ్వలేను, కానీ అడిగే హక్కు మీకుంది. ఒప్పుకోకపోయినా, అతని మీద అనుమానం ఉన్నా, స్టేషనులో రాసివ్వండి.

ఇకమీదట తెల్లవారుజాము బేరమైనా సరే, వెలుతురులోకి వచ్చి నోట్లు చూసుకున్నాకే గెలలు వదలండి. 500 నోటుకు రెండు అంచుల దగ్గరా అయిదేసి గీతలు గోటికి ఉబ్బెత్తుగా తగులుతాయి. వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. వెలుగుకు పెడితే తెల్లటి చోట గాంధీగారి బొమ్మ, 500 అంకె కనిపిస్తాయి. కట్టలో పైదొక్కటే చూసి ఊరుకోకండి, దొంగనోటు మధ్యలో దూరుస్తారు. పెద్ద మొత్తమైతే ఖాతాలో వేయమనండి.

ప్రశ్న: మాకు పాలకొల్లులో కిరాణా కొట్టు ఉంది. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తున్న 500 నోటు ఓ కూలీ తెస్తే దొంగనోటని తిప్పి పంపేశాను. సరేనా?
– ఒక వ్యాపారి

జవాబు: సరికాదండీ. అది అసలు నోటే. అచ్చులో పాడైన నోటు తీసేసి దాని బదులు పెట్టిన నోటుకు ఆ నక్షత్రం వేస్తారు. 500 నోట్లలో 2016 డిసెంబరు నుంచే ఉంది. ఆకుపచ్చ దారం గాంధీగారి బొమ్మకు దగ్గరగా ఉంటే దొంగదని ఫోన్లలో తిరిగే మాటా అబద్ధమే. ఆ కూలీ ఆ నోటు పట్టుకుని ఇంకా కొట్టు కొట్టూ తిరుగుతున్నాడేమో. కనబడితే పిలిచి సరుకివ్వండి.